‘కొను’ తెలిసినవాళ్ళకు ప్రాచీన గ్రీకు క్రియ

ప్రాచీన గ్రీకు మొదలుపెట్టినవాళ్ళలో చాలామంది ఆగిపోయేది క్రియ దగ్గరే. లిపి కొద్ది రోజుల పని. విభక్తులు మనకేం కొత్త కాదు. క్రియ దగ్గరికి వచ్చేసరికి మాత్రం పుస్తకం పేజీల కొద్దీ పట్టికలు పరుస్తుంది: యాక్టివ్, మిడిల్, పాసివ్, ఇండికేటివ్, సబ్‌జంక్టివ్, ఆప్టేటివ్, ఇంపెరటివ్, ప్రెజెంట్, ఏయోరిస్ట్, పర్ఫెక్ట్. ఒక్కో క్రియకు వందల రూపాలు. వాటిని చూస్తేనే టెన్షన్ మొదలవుతుంది.

మన దగ్గర గ్రీకు చదివేవాళ్ళు రెండు రకాలు. కొత్త నిబంధన కోసం థియాలజీ కాలేజీల్లో చదివేవాళ్ళు, హోమర్‌నో ప్లేటోనో మూలంలో చదవాలన్న సరదా ఉన్నవాళ్ళు. ఇద్దరి చేతిలో ఉండేవీ ఇంగ్లీషు పుస్తకాలే. చిక్కంతా అక్కడే ఉందని నా అభిప్రాయం. ఇంగ్లీషు క్రియకు మిడిల్ వాయిస్ రూపాలు లేవు, ఆప్టేటివ్ లేదు, ఉన్న కాస్త సబ్‌జంక్టివ్ కొనఊపిరితో ఉంది. తమ భాషలో లేనివాటిని వివరించాలి కాబట్టి ఆ పుస్తకాలు చుట్టూ తిరిగి వస్తాయి. తెలుగువాళ్ళకు ఆ చుట్టుదారి అక్కర్లేదు. మనం రోజూ వాడే ‘కొను’, ‘దాం’, ‘ఉంది’, ‘గాక’ చాలావరకు దారి చూపిస్తాయి.

గ్రీకు క్రియ మూడు సంగతుల్ని విడివిడిగా చెబుతుంది. పని కర్తను ఎలా తాకుతోంది అన్నది వాయిస్. మాట్లాడేవాడు జరిగిందని చెబుతున్నాడా (ఇండికేటివ్), జరగాలని కోరుతున్నాడా (సబ్‌జంక్టివ్, ఆప్టేటివ్), చెయ్యమని ఆజ్ఞాపిస్తున్నాడా (ఇంపెరటివ్) అన్నది మూడ్. పనిని సాగుతున్నట్టు చూస్తున్నాడా (ప్రెజెంట్), మొత్తంగా చూస్తున్నాడా (ఏయోరిస్ట్), అది జరిగాక మిగిలిన స్థితిని చూస్తున్నాడా (పర్ఫెక్ట్) అన్నది ఆస్పెక్ట్. ఎప్పుడు జరిగింది అన్నది నాలుగో సంగతి. దానికి ఇండికేటివ్‌లో ఉన్నంత పట్టు మిగతా మూడ్‌లలో లేదు. స్కూల్లో భూత భవిష్యద్వర్తమానాలతో మొదలుపెట్టాం కాబట్టి కాలమే క్రియకు ప్రాణం అనుకుంటాం. గ్రీకులో అలా అనుకుంటే అడుగడుగునా తడబాటే.

ఇవన్నీ ఒకేచోట చూడాలంటే హోమర్ కావ్యం ఇలియడ్ మొదటి సర్గలో 12 నుంచి 42 దాకా ఉన్న పాదాలు చాలు. క్రూసేస్ అనే ముసలి పూజారి, అపోలో దేవుడి అర్చకుడు, ట్రాయ్ మీద యుద్ధానికి వచ్చిన గ్రీకుల ఓడల దగ్గరికి వస్తాడు. అతని కూతురు గ్రీకు సేనల నాయకుడైన రాజు అగమెమ్నోన్ చెరలో ఉంది. బోలెడు ధనం ఇచ్చి విడిపించుకుందామని వచ్చాడు. అగమెమ్నోన్ తిట్టి తరిమేస్తాడు. ముసలాయన సముద్రం ఒడ్డుకి పోయి అపోలోకు మొరపెట్టుకుంటాడు. కథంతా ఇంతే. కానీ క్రియల పట్టికలో ఉన్న దాదాపు ప్రతి గదికీ ఇక్కడ ఒక ఉదాహరణ దొరుకుతుంది.

ముందు వాయిస్. ఆ పూజారి ఎందుకొచ్చాడో చెప్పే మాట 13వ పాదంలో ఉంది: ల్యూసొమెనొస్. అగమెమ్నోన్ జవాబు 29వ పాదంలో: ‘తేన్ ద్ ఎగో ఊ ల్యూసో’, ‘దాన్ని నేను విడిచిపెట్టను’. రెండూ ఒకే క్రియ నుంచి వచ్చాయి. ల్యూఓ అంటే విప్పు, విడిచిపెట్టు. అగమెమ్నోన్ నోట అది యాక్టివ్‌లో ఉంది, ఎందుకంటే విడిచిపెట్టినా పెట్టకపోయినా పిల్ల వెళ్ళేది అవతలివాడి దగ్గరికి. తండ్రి విషయంలో మిడిల్‌లో ఉంది, ఎందుకంటే విడుదలైన పిల్ల వచ్చేది తన దగ్గరికే. ఇంగ్లీషు అనువాదాల్లో ఇక్కడ రెండు వేరు వేరు క్రియలు వాడాల్సి వస్తుంది. తెలుగులో ఒకే క్రియ చాలు: తండ్రి ‘విడిపించుకోవడానికి’ వచ్చాడు, రాజు ‘విడిపించను’ అన్నాడు. తేడా అంతా ‘కొను’లోనే ఉంది.

మిడిల్ వాయిస్ గురించి పుస్తకాల్లో ‘కర్త పనిలో ప్రత్యేకంగా పాలుపంచుకుంటాడు’ లాంటి వాక్యాలుంటాయి. చదివినప్పుడు అర్థమైనట్టే ఉంటుంది, వాడబోతే చేతికి చిక్కదు. దాని బదులు ఈ జతలు చూడండి. దనెయ్‌జెయ్ అంటే అప్పు ఇస్తాడు, దనెయ్‌జెతాయ్ అంటే అప్పు పుచ్చుకుంటాడు. మిస్థోయ్ అంటే అద్దెకిస్తాడు, మిస్థూతాయ్ అంటే అద్దెకి తీసుకుంటాడు. లూఎయ్ అంటే ఎవరికో స్నానం చేయిస్తాడు, లూఎతాయ్ అంటే తానే ఒళ్ళు కడుక్కుంటాడు. శాసనకర్త జనానికి చట్టం పెడితే యాక్టివ్; జనం తమకు తాము చట్టం పెట్టుకుంటే మిడిల్. ఇచ్చేవాడు ఒక వైపు, పుచ్చుకునేవాడు ఇంకో వైపు. గ్రీకులు క్రియను మార్చకుండా చివరి ప్రత్యయం మార్చి వైపు మారుస్తారు.

మొదటి రోజుల్లో అందరినీ తికమక పెట్టే ఇంకో రకం క్రియలున్నాయి. వీటికి యాక్టివ్ రూపమే ఉండదు, మిడిల్ ఒక్కటే. లాటిన్ వ్యాకరణం అరువిచ్చిన ‘డెపొనెంట్’ అనే పేరు వీటికి తగిలించారు. యాక్టివ్‌ను వదిలేసుకున్నవి అని దాని భావం. చాలామంది భాషావేత్తలు ఇప్పుడు ఆ పేరు ఇష్టపడరు. నాకూ నచ్చదు, ఎందుకంటే ఎన్నడూ లేనిదాన్ని వదిలేసుకోవడం ఏమిటి? అసలా జాబితా ఎలాంటి క్రియలదో చూడండి. మన పూజారి గ్రీకులందర్నీ వేడుకున్నాడు: లిస్సెతొ, మిడిల్. తర్వాత దేవుణ్ణి మొక్కుకున్నాడు: ఎఉఖొమెనొస్, మిడిల్. కొట్లాడుకోవడం మఖొమాయ్. ఇద్దరు కూర్చుని మాట్లాడుకోవడం దియలెగొమాయ్. సోక్రటీసు ఊరంతా తిరుగుతూ చేసిన పని అదే. అనుకోవడం హేగెఒమాయ్. తెలుగు వైపు అన్నిటికీ ‘కొను’ దానంతటదే వచ్చి చేరింది. ‘మొక్కు’ ఒక్కటే అంటే అంత సహజంగా ఉండదు, ‘అనుకొను’లోంచి ‘కొను’ తీసేస్తే అర్థమే మారిపోతుంది. మనసులోనో ఒంటిలోనో జరిగే పనులు, ఇద్దరి మధ్య జరిగే పనులు ఈ గూటికే చేరతాయి.

కూర్చోవడం, పడుకోవడం సంగతి ఇంకా విచిత్రం. గ్రీకులో హేస్తాయ్ (కూర్చుని ఉన్నాడు), కెయ్‌తాయ్ (పడుకుని ఉన్నాడు) రెండూ మిడిల్. సంస్కృతంలో వీటికి సాక్షాత్తూ తోబుట్టువులైన ‘ఆస్తే’, ‘శేతే’ రెండూ ఆత్మనేపదం. గ్రీకు, సంస్కృతం ఒకే మూలం నుంచి వచ్చాయి కాబట్టి ఆ పోలిక వంశపారంపర్యం. తెలుగు ద్రావిడ భాష, ఆ కుటుంబంతో చుట్టరికం లేదు. అయినా ‘కూర్చొను’, ‘పడుకొను’ అని మనమూ అదే గూట్లో పెట్టాం. చుట్టరికం లేని భాషలు ఒకే చోట కలిశాయంటే మనిషి తన ఒంటితో చేసే పనిని మిగతా పనుల్లోంచి విడిగా చూస్తాడన్నమాట.

సంస్కృతం కాస్తోకూస్తో చదివినవాళ్ళకు పరస్మైపదం, ఆత్మనేపదం అన్న పేర్లే సగం పాఠం చెప్పేస్తాయి: ఇతరుల కోసం, తన కోసం. పాణిని ఈ తేడాను ‘కర్త్రభిప్రాయే క్రియాఫలే’ అని సూత్రంలో కట్టేశాడు. క్రియ ఫలం కర్తకే చేరేటప్పుడు ఆత్మనేపదం అని. యజ్ఞంలో ఋత్విక్కు ‘యజతి’, ఫలం ఇంకొకరిది. చేయించుకునేవాడు ‘యజతే’, ఫలం తనది. అందుకే అతను యజమానుడు. మన ‘యజమాని’ ఆ ఆత్మనేపద రూపం నుంచే వచ్చాడు. అందులోని ‘మాన’, ల్యూసొమెనొస్‌లోని ‘మెనొస్’ ఒకటే ప్రత్యయం. ‘వర్తమానం’ అన్నా, గ్రీకువాళ్ళ ‘ఫైనొమెనొన్’ (కనబడుతున్నది, ఇంగ్లీషు ఫినామినన్) అన్నా అదే తోక.

ఇంత బాగుంటే పాసివ్ ఎందుకొచ్చింది? ‘తలుపు తెరుచుకుంది’ అంటాం. ఎవరో తెరిచి ఉండొచ్చు, గాలికి తెరుచుకుని ఉండొచ్చు, మనకు పట్టదు. ‘మంట అంటుకుంది’, ‘కాయితాలు అతుక్కున్నాయి’ కూడా అంతే. కర్మ స్థానంలో ఉండాల్సింది కర్త స్థానంలోకి వచ్చి కూర్చుంది, ‘కొను’ ఆ మార్పును చూపిస్తోంది. ఇంకొక్క అడుగు వేసి ‘ఫలానావాడి చేత’ అని చేరిస్తే అది పాసివే. గ్రీకులో చరిత్ర ఇలాగే నడిచింది. ముందున్నవి యాక్టివ్, మిడిల్ రెండే. పాసివ్ అర్థం మిడిల్‌లోంచి పుట్టింది. అందుకే ప్రెజెంట్‌లో, ఇంపర్ఫెక్ట్‌లో (గతంలో సాగుతూ ఉన్న పని), పర్ఫెక్ట్‌లో మిడిల్‌కీ పాసివ్‌కీ రూపం ఒకటే. ఏయోరిస్ట్‌లో, ఫ్యూచర్‌లో మాత్రమే పాసివ్‌కి ‘థే’ అనే సొంత గుర్తు వచ్చింది. వాక్యంలో ‘హ్యుపొ’ (చేత) కనబడితే పాసివ్ అనుకోండి, లేకపోతే ముందు మిడిల్‌గా చదివి చూడండి. తెలుగులో ‘బడు’ ప్రయోగం ఎంత కృతకంగా వినిపిస్తుందో తెలిసినవాళ్ళకు ఈ సలహా వింతగా ఉండదు.

‘కొను’ ప్రతిచోటా సరిపోదు. వింటాను, నేర్చుకుంటాను, పట్టుకుంటాను అని భవిష్యత్తులో చెప్పేటప్పుడు యాక్టివ్ క్రియలు కొన్ని ఉన్నట్టుండి మిడిల్ ప్రత్యయాలు తొడుక్కుంటాయి (అకూఓ, కానీ అకూసొమాయ్). వీటిని కంఠస్థం చెయ్యడమే. పెళ్ళి విషయంలో ఇంకో తేడా ఉంది. మనకు ఆడవాళ్ళూ మగవాళ్ళూ పెళ్ళి ‘చేసుకుంటారు’. గ్రీకులో మగవాడు గమెయ్ (యాక్టివ్), ఆడది గమెయ్‌తాయ్ (మిడిల్). గ్రీకు నాటకకర్త యూరిపిడీస్ నాటకంలో మీడియా అనే భార్యను వదిలేసి ఇంకొకామెను పెళ్ళాడిన జేసన్, తప్పంతా నీదే అంటాడు. నేనేం చేశాను, పెళ్ళి చేసుకుని నిన్ను మోసం చేశానా అని ఆమె తిప్పికొడుతుంది. అక్కడ ఆమె తన గురించి వాడింది మగవాళ్ళకు వాడే యాక్టివ్ రూపం, గమూస. ఆ వెటకారం ఒక్క ప్రత్యయంలో ఉంది. ఏ అనువాదంలోనూ పట్టుబడదు.

ఇక ఆస్పెక్ట్. ఈ మాట ప్రాచీన గ్రీకులది కాదు, రష్యన్ వ్యాకరణం నుంచి పందొమ్మిదో శతాబ్దంలో పడమటి భాషల్లోకి వచ్చింది. కానీ వస్తువు గ్రీకులకు బాగా తెలుసు. ఒకే చావు గురించి మూడు మాటలు వినండి. అపెథ్నేస్కె: చనిపోతూ ఉన్నాడు. అపెథనె: చనిపోయాడు. తెథ్నేకె: చనిపోయి ఉన్నాడు. మొదటిదాంట్లో ఇంకా ఊపిరి ఉంది, వైద్యుణ్ణి పిలవొచ్చు. రెండోది వార్త. మూడోది చెప్పేది ఇప్పటి స్థితి, ఎప్పుడు పోయాడన్నది అప్రస్తుతం. మూడిటికీ మూడు మూలరూపాలు: ప్రెజెంట్, ఏయోరిస్ట్, పర్ఫెక్ట్. ‘ప్రెజెంట్’ అన్న పేరు దురదృష్టం. ఆ మూలరూపానికి ముందు ‘ఎ’ చేరిస్తే గతంలో సాగుతూ ఉన్న పని (ఇంపర్ఫెక్ట్) అవుతుంది కాబట్టి దానికీ వర్తమానానికీ విడదీయరాని సంబంధం ఏమీ లేదు. సంస్కృతంలో ‘అభరత్’ ముందున్న అకారం కూడా ఇదే.

సాగుతున్న పని అనగానే పూర్తికాని పని అన్న ఛాయ కూడా వస్తుంది. ఎపెయ్‌థొన్ అంటే ఒప్పిస్తూ ఉన్నాను, చాలాసార్లు ‘ఒప్పించాలని చూశాను’ అని. ఎపెయ్‌స అంటే ఒప్పించాను, పని అయింది. మన పూజారి దగ్గరికే వస్తే, 33వ పాదంలో అగమెమ్నోన్ బెదిరింపు విన్నాక రెండు క్రియలు పక్కపక్కన ఉన్నాయి: ఎదెయ్‌సెన్, ఎపెయ్‌థెతొ. మొదటిది ఏయోరిస్ట్, భయం ఒక్కసారిగా పట్టుకుంది. స్థితిని చెప్పే క్రియలు ఏయోరిస్ట్‌లో తరచు ఇలా ఆ స్థితిలోకి అడుగుపెట్టడాన్ని చెబుతాయి. అలాగే ఎబసిలెఉఎ అంటే రాజుగా ఉన్నాడు, ఎబసిలెఉసె అంటే రాజయ్యాడు. రెండోది ఇంపర్ఫెక్ట్, మిడిల్ కూడా: చెప్పినట్టు వినసాగాడు. భయం క్షణంలో వచ్చింది, ఆ మాట వినడం ఒడ్డు వెంట నడుస్తున్నంతసేపూ సాగింది. తెలుగులో ‘భయపడిపోయి, చెప్పినట్టే వినుకున్నాడు’ అనొచ్చు. హోమర్ ఇదంతా రెండు ప్రత్యయాల్లో ఇమిడ్చాడు.

ఏయోరిస్ట్ అన్న పేరుకు హద్దులు గీయనిది అని అర్థం. పనిని లోపలికి వెళ్ళి చూడకుండా ముద్దగా చెప్పడమే దాని పని. అది ఎంతసేపు పట్టింది అన్నది దానికి అనవసరం. ఇక్కడే ప్రసంగాల్లో ఒక పొరపాటు బాగా పాతుకుపోయింది. ‘ఇక్కడ మూలభాషలో ఏయోరిస్ట్ ఉంది, కాబట్టి ఇది ఒక్కసారే, శాశ్వతంగా జరిగిన పని’ అంటుంటారు. యోహాను సువార్త 2:20లో యెరూషలేము దేవాలయాన్ని కట్టడానికి 46 సంవత్సరాలు పట్టిందని యూదులు అంటారు. అక్కడ ‘కట్టబడింది’ అన్న క్రియ ఏయోరిస్టే. నలభై ఆరేళ్ళ పనిని ఒక్క ముద్దగా చెప్పేశారు, అంతే. ఈ ధోరణి ఎంత ముదిరిందంటే 1972లో ఫ్రాంక్ స్టాగ్ అనే కొత్త నిబంధన పండితుడు ‘దుర్వినియోగానికి గురైన ఏయోరిస్ట్’ అన్న శీర్షికతో వ్యాసమే రాయాల్సి వచ్చింది. అయినా ఆ మాట ప్రసంగాల్లో ఇంకా వినబడుతూనే ఉంది.

ఆస్పెక్ట్ నిజంగా పని చేసేది కాలం లేనిచోట, ముఖ్యంగా ఆజ్ఞల్లో. ప్రభువు ప్రార్థన రెండు సువార్తల్లో ఉంది. మత్తయిలో ఆహారం ‘నేడు’ ఇమ్మని అడిగే క్రియ దొస్, ఏయోరిస్ట్. లూకాలో ‘దినదినమును’ ఇమ్మని అడిగే క్రియ దిదూ, ప్రెజెంట్. ఇవ్వడం ఒకటే, అడిగేవాళ్ళు ఒక్కరే. మొదటిచోట ఈ పూట గడవాలి, రెండోచోట రోజూ ఇస్తూ ఉండమంటున్నారు. తెలుగు బైబిల్లో రెండు చోట్లా ‘దయచేయుము’ అనే ఉంటుంది కాబట్టి ఆ తేడా ‘నేడు’, ‘దినదినము’ల మీద మాత్రమే నిలబడింది. వాడుక భాషలో అయితే ‘ఇయ్యి’, ‘ఇస్తూ ఉండు’ అని తేలిగ్గా తేడా చూపిస్తాం.

పర్ఫెక్ట్‌ను తెలుగువాళ్ళు అందుకోవడం అన్నిటికంటే సులువు, ఎందుకంటే మనకు ‘ఉండు’ ఉంది. ‘అని వ్రాయబడియున్నది’ అన్న బైబిల్ తెలుగు పాతగా వినిపించినా గ్రీకు గెగ్రప్తాయ్‌కి అచ్చు గుద్దినట్టుంటుంది: ఎప్పుడో రాశారు, ఇప్పుడు అక్కడ ఉంది. ఏసు శిలువ మీద పెట్టిన పలకను మార్చమని యాజకులు అడిగితే రోమన్ గవర్నరు పిలాతు ‘హొ గెగ్రఫ, గెగ్రఫ’ అన్నాడు. నేను రాసింది రాసే ఉంది, ఇక కదలదు అని. ఆర్కిమిడీస్ స్నానాల తొట్టిలోంచి లేచి అరిచాడని లాటిన్ రచయిత విత్రూవియస్ చెప్పిన ‘యురేకా’, గ్రీకులో హెఉరేక, పర్ఫెక్టే. ఏయోరిస్ట్‌లో అని ఉంటే ‘కనిపెట్టాను’ అని కథ చెప్పినట్టుండేది. పర్ఫెక్ట్‌లో అయితే జవాబు ఇప్పుడు అతని చేతిలో ఉంది. ‘దొరికింది, నా దగ్గరుంది’ అన్న ధ్వని. క్రూసేస్ అపోలోను పిలిచిన మాటలోనూ ఇదే ఉంది: అంఫిబెబేకస్, ‘క్రూసే పట్టణానికి అటూ ఇటూ కాళ్ళు వేసి నిలబడి ఉన్నవాడా’. అడుగు వెయ్యడం ఎప్పుడో అయిపోయింది. కాపలా ఇప్పటిది. ప్రాచీన గ్రీకు వ్యాకర్తలు పర్ఫెక్ట్‌కు పెట్టిన పేరు ‘పరకెయ్‌మెనొస్’, పక్కన పడి ఉన్నది. అందులో ఉన్నది ఇందాక చూసిన కెయ్‌తాయే.

మూడ్ దగ్గర తెలుగు లిపి మనకొక మేలు చేస్తుంది. గ్రీకులో హ్రస్వ ఒ, దీర్ఘ ఓ వేరు వేరు అక్షరాలు, ఓమిక్రాన్, ఓమెగా. ఎ, ఏ కూడా అంతే. ఇంగ్లీషు, దేవనాగరి రాతలో ఈ తేడా సరిగ్గా చూపించలేరు, మనం పుట్టుకతో చూపిస్తాం. ఇండికేటివ్‌కీ సబ్‌జంక్టివ్‌కీ మధ్య చాలాచోట్ల ఉన్నది ఆ దీర్ఘమే. ఎఖొమెన్ అంటే మనకు ఉంది, ఎఖోమెన్ అంటే ఉండేలా చూసుకుందాం. పౌలు రోమీయులకు రాసిన లేఖ 5:1లో దేవునితో సమాధానం ‘ఉంది’ అన్నాడా, ‘కలిగి ఉందాం’ అన్నాడా అన్న చర్చ ఇప్పటికీ ఉంది. నాలుగో శతాబ్దపు బైబిల్ చేతిరాత ప్రతులైన వాటికన్, సినాయ్ ప్రతుల్లో మొదట రాసినవాళ్ళు ఓమెగా రాశారు, తర్వాత దిద్దినవాళ్ళు ఓమిక్రాన్ చేశారు. అప్పటికి ఉచ్చారణలో రెండూ ఒకేలా వినబడుతుండేవి, కాబట్టి చెబుతుంటే రాసుకునేవాడు ఏది విన్నాడో ఎవరూ తేల్చలేరు. ఒక్క దీర్ఘం మీద వ్యాఖ్యానాలకు వ్యాఖ్యానాలే వచ్చాయి.

సబ్‌జంక్టివ్‌కి పుస్తకాలు రెండు వాడుకలు వేరు వేరుగా పెడతాయి: ప్రోత్సాహం, ఆలోచన. తెలుగులో రెండూ ఒక్క ‘దాం’లో ఉన్నాయి. వెళ్దాం అంటాం, ఏం చేద్దాం అనీ అంటాం. గ్రీకులో ఇయోమెన్, తి పొయోమెన్. జైల్లో ఉన్న సోక్రటీసు, పారిపొమ్మని బతిమాలుతున్న మిత్రుడు క్రిటోకి చివరిగా చెప్పిన మాటలో కూడా ఇదే రూపం, ప్రత్తోమెన్: ‘అలాగే చేద్దాం, దేవుడు నడిపించే దారి అదే కాబట్టి’. బెదిరింపుకీ ఇదే పనికొస్తుంది. అగమెమ్నోన్ ముసలాయనతో మొదట అన్న మాట ‘నువ్వు మళ్ళీ ఈ ఓడల దగ్గర నా కంటబడకూడదు’, కిఖెయో, సబ్‌జంక్టివ్. తర్వాత ‘పో, నాకు కోపం తెప్పించకు’, ఇథి, మే ఎరెథిజె, రెండూ ఇంపెరటివ్. ఆ తెప్పించకు ప్రెజెంట్‌లో ఉంది, అంటే ఇప్పటికే తెప్పిస్తున్నావు, ఇక ఆపు అని.

ఆప్టేటివ్ అంటే భయపడతారు కానీ ‘గాక’ తెలిసినవాళ్ళకు దానిలో భయపెట్టేది ఏమీ లేదు. క్రూసేస్ వచ్చీ రాగానే గ్రీకులను దీవించాడు: ‘ఒలింపస్ దేవతలు మీకు ట్రాయ్ పట్టణాన్ని ఇత్తురు గాక’, దొయెన్, 18వ పాదం. తరిమేశాక అదే నోటితో శపించాడు: ‘నా కన్నీళ్ళకు గ్రీకులు నీ బాణాలతో బదులు చెల్లింతురు గాక’, తీసెయన్, 42వ పాదం. దీవెనకీ శాపానికీ మూడ్ ఒకటే, మనకు రెండిటికీ ‘గాక’ అయినట్టే. ఈ రెండు ఆప్టేటివ్‌ల మధ్య ఉన్న పాతిక పాదాల్లోనే ఇలియడ్‌లోని తగాదాకు బీజం పడింది. మిగతా వాడుకలు చదువుతూ పట్టుకోవచ్చు. ‘అన్’ అనే చిన్న మాట పక్కన ఉంటే ‘అలా కావచ్చు’, గతంలో ఎవరో అన్నదాన్ని తిప్పి చెప్పేటప్పుడు ‘అన్నాడట’కి దగ్గరగా ఒక వాడుక. జరిగే వీలున్న షరతుకు సబ్‌జంక్టివ్, కాస్త దూరపు ఊహకు ఆప్టేటివ్, జరగనే జరగని దానికి మాత్రం వింతగా ఇండికేటివ్ గతకాలం. ‘వచ్చి ఉంటే చెప్పేవాణ్ణి’లో మనం గతకాలాన్ని లాక్కొచ్చినట్టే. కొత్త నిబంధన కాలానికే ఆప్టేటివ్ అరుదైపోయింది, ఆధునిక గ్రీకులో ‘ఆ పని జరగకుండుగాక’ లాంటి ఒకటి రెండు నానుళ్ళలో తప్ప లేదు. ఆస్పెక్ట్ మాత్రం చెక్కుచెదరలేదు. ఇవాళ ఏథెన్స్‌లో ‘రాస్తాను’ అనాలన్నా రాస్తూ ఉంటావా, రాసేస్తావా తేల్చుకోవాల్సిందే.

మూడు సంగతులూ ఒకే మాటలో చూడాలంటే రోమన్ సేనాని సీజర్ దగ్గరికి వెళ్ళాలి. క్రీ.పూ. 49 జనవరిలో రూబికాన్ ఏరు దాటుతూ (సేనతో అది దాటడమంటే అంతర్యుద్ధానికి దిగడమే) అతను అన్నదాన్ని గ్రీకు రచయిత ప్లూటార్క్ గ్రీకులో రాశాడు, గ్రీకులోనే గట్టిగా అన్నాడనీ చెప్పాడు: ‘అనెర్రీఫ్థో క్యుబొస్’. అప్పటికి గ్రీకు నాటకకర్త మెనాండర్ నాటకంలో ఉన్న పాత మాట అది. పాచిక అన్నది కర్త, విసిరేది ఇంకొకరు, కాబట్టి పాసివ్. మూలరూపం పర్ఫెక్ట్, అంటే విసరడం అయిపోయి పాచిక అక్కడ పడి ఉన్న స్థితి. చివర ఉన్న ‘థో’ ప్రథమ పురుష ఇంపెరటివ్. ముక్క ముక్కగా అంటే ‘పాచిక విసిరేసి ఉండనీ’. ఆట ఇంకా మొదలవని మనిషి, మొదలైపోయినట్టే ఉండాలని ఆజ్ఞాపిస్తున్నాడు. రోమన్ రచయిత సూటోనియస్ లాటిన్‌లో రాసినప్పుడు అది ‘పాచిక పడింది’ అన్న ఇండికేటివ్ అయిపోయింది, ఇంగ్లీషు సామెతలోకీ అదే వచ్చింది. పదహారో శతాబ్దంలో ఎరాస్మస్ అనే పండితుడు ఈ తేడా గమనించి, లాటిన్ క్రియ ‘ఎస్త్’ చివర ఒక ఓకారం జారిపోయి ఉంటుందని, ‘ఎస్తో’ అని చదవాలని సూచించాడు. సామెత మాత్రం పాత రూపంలోనే ఉండిపోయింది.